మన సైన్స్ ప్రచార సంఘం, నల్లగొండ – 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంల చదవాల్సిన నివేదిక ఇది, అక్కడ చదివే టైంకి సగం మంది చాయ్ కాడ ఉంటరు కాబట్టి ముందే గ్రూపుల పెడుతున్న. సంఘం ఎందుకు పెట్టుకున్నమో మళ్ళ చెప్పను, మీకు తెలిసిందే. పోయిన మీటింగ్‌ల ఒక తీర్మానం చేసుకున్నం గదా, ఎప్పుడు చూసినా టౌన్‌ల హాలు మాట్లాడి, వచ్చేటోళ్ళకే మళ్ళ మళ్ళ చెప్పుడు తగ్గించి, తండాలు, హాస్టళ్ళు, చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, ఫ్లోరైడ్ ఊర్ల పెద్దమనుషులు, వీళ్ళ దగ్గరికి మనమే పోదామని. ఆ రోజు చేతులు చాలానే లేచినయి. తర్వాత బండి ఎక్కినోళ్ళు ఎవరో ఎక్కనోళ్ళు ఎవరో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు.

ఈ ఏడాది పెద్ద పని అంటే సెప్టెంబర్ 7 చంద్రగ్రహణమే. సంపూర్ణ గ్రహణం, ఆదివారం రాత్రి, 9:57కి పట్టు మొదలైంది, 11 గంటలకు మొత్తం మూసుకొని 82 నిమిషాలు అట్లనే ఉండి, 1:26కి పూర్తిగా విడుపు. దీన్ని టౌన్‌ల పెట్టకుండా దేవరకొండ అవుతల ఒక తండాల పెట్టినం. నెల ముందే పోయి కూసొని అడిగినం, మీకు ఏ టైం కుదురుతది, యాడ కూసుంటరు, ఎవరు చెప్తే వింటరు అని. ఆడోళ్ళు చెప్పింది సూటిగా చెప్పిన్రు, పగటిపూట మీ మీటింగ్‌కి వస్తే మా కూలి ఎవరిస్తరు సార్, రాత్రి అన్నాలు అయినంక అయితే వస్తం, అదికూడా బోరింగ్ కాడ పెట్టండి, పిల్లలు పండుకుంటే ఎత్తుకొని ఇంటికి పోవచ్చు అని. మనం ఇన్నేండ్లు పొద్దున పదింటికి ప్రోగ్రాం పెట్టి ఆడోళ్ళు రారు, ఆసక్తి లేదు అని రాసుకుంటున్నం.

చెప్పింది కూడా మనం కాదు. ఆ తండా బిడ్డ ఒకామె డిగ్రీ చదువుతున్నది, ఆమెకి ముందు రెండు ఆదివారాలు కూసోబెట్టి నేర్పినం, ఆమె లంబాడీల చెప్పింది. మన సీనియర్ సార్లు ఇద్దరు మధ్యల మైకు తీస్కోబోతే నేనే ఆపిన, వాళ్ళకి కోపం వచ్చి ఉంటది, ఈ నివేదిక ద్వారా క్షమాపణ ఏం చెప్పను గాని వాళ్ళ పెద్దరికం అంటే గౌరవమే. ముసలమ్మలు తెలుగుల మనల్ని ఏనాడూ అడగని ప్రశ్నలు ఆ పిల్లని అడిగిన్రు, చంద్రుడు ఎర్రగెందుకైండు, అమాస నాడు ఎందుకు పట్టదు అని. భూమి అడ్డమొచ్చినా చుట్టున్న గాలి పొరల నుంచి సూర్యుడి వెలుగు కొంచెం వంగి పోతది, అండ్ల నీలం చెదిరిపోయి ఎరుపే మిగుల్తది, పొద్దుగూకేటప్పటి ఎరుపే అది అని చెప్పింది.

చూపు లేని పిల్లలు గ్రహణం చూసుడేంది అని మన కమిటీలనే ఒకరన్నరు. నిలువుగా పెద్ద వేడి బల్బు పెట్టి (ఎల్ఈడీ కాదు, పాత ఫిలమెంట్‌ది, దొరకవట్టాలంటే నల్లగొండ అంతా తిరిగినం) పిల్లల్ని దాని ముందు కూసోబెట్టినం, మొకానికి సెగ తగుల్తది, మధ్యల ఇంకో పిల్లగాడు చాట అడ్డం పెడితే సెగ ఆగిపోతది. నీడ అంటే అదే, కండ్లతో పనిలేదు. తర్వాత భూమికి 20 సెంటీమీటర్ల బంతి, చంద్రుడికి అయిదున్నర సెంటీమీటర్ల బంతి ఇచ్చి, రెండిటి మధ్య ఆరు మీటర్ల తాడు కట్టి నడిపిచ్చినం, దూరం భూమి మందానికి 30 రెట్లు గదా. పుస్తకాలల్ల బొమ్మ చూసినోళ్ళు రెండూ పక్కపక్కనే ఉంటయనుకుంటరు, తాడు పట్టుకొని నడిచినోళ్ళకి ఆ భ్రమ లేదు. కండ్లున్న పిల్లలు కూడా మేము నడుస్తం అని లైన్ కట్టిన్రు.

వినపడని పిల్లలకి సైగలు చేసే టీచరమ్మ వచ్చింది, గాని చీకట్ల చేతులు కనపడయి, లైటు వేస్తే ఆకాశం కనపడదు. ఎర్ర జిలుగు కాగితం చుట్టిన టార్చ్ ఆమె చేతుల మీదికి కట్టినం, ఎరుపుకి కండ్లు చీకటి అలవాటు పోగొట్టుకోవు. టెలిస్కోప్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కొస) ఎత్తుకి అందనోళ్ళకి, నడుము వంగినోళ్ళకి ఫోన్ తగిలిచ్చి పాత ట్యాబ్‌ల చూపిచ్చినం. మధ్యల మబ్బు కమ్మి కొంతసేపు ఏం కనపడలే, ఆ టైంల ముసలోళ్ళు పాత గ్రహణాల ముచ్చట్లు మొదలుపెట్టిన్రు, అది కూడా ప్రోగ్రామే అనుకోండి. కడుపుతో ఉన్న బిడ్డల్ని బయటికి రమ్మని మేము బలవంతం పెట్టలే. చంద్రగ్రహణం ఒట్టి కండ్లతో ఎవరు చూసినా ఏం కాదు అని మాత్రం చెప్పినం. ఒకామె ఇంట్ల నుంచే తలుపు తీసి చూసింది, వాళ్ళత్త ఏమనలే.

ముందురోజే వినాయక నిమజ్జనం, డ్యాన్సులు చేసి అలిసిపోయినం అని మన వలంటీర్లు చాలామంది రాలే. అలుపు అందరికీ ఉంటది. గ్రూపుల బొటనవేలు గుర్తు పెట్టి, ఫోన్ స్విచ్ ఆఫ్ చేసుకునుడు మాత్రం మంచిది కాదు. ఇంకొకటి, స్కూల్ గ్రౌండ్ వాడుకోనీకి పర్మిషన్ అడిగిన ఆఫీసు పేరు చెప్పను గాని, కాగితం ఆ టేబుల్ మీంచి ఈ టేబుల్ మీదికి తిరిగి, గ్రహణం విడిచినంక మూడోరోజు వచ్చింది. ఆ పైన బ్యానర్ కనపడేటట్టు ఫొటోలు పంపమని కూడా అడిగిన్రు.

రెండో పని మర్రిగూడ వైపు ఊర్లల్ల నీళ్ళ పరీక్షలు. మన దగ్గర నేల కింద గ్రానైట్ రాయి, ఆ రాయి నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్ళలకి దిగుతది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని ప్రమాణం. మిషన్ భగీరథ కింద సర్కారు నల్లా వచ్చినా అది ఆగిన రోజు మళ్ళ బోరు నీళ్ళే. కిట్‌ల గులాబీ రంగు పసుపుకి తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు, గాని కండ్లల్ల శుక్లాలున్న అవ్వకి ఆ తేడా కనపడలే, మనవరాలు చదివి చెప్పింది. బల్ల మీద పెట్టిన కిట్‌ని మంచం మీదికి మార్చినం, నడుము లేవనోళ్ళు కూసొనే చేసిన్రు. కాచి తాగితే పోతది అనుకునేటోళ్ళు చాలామంది ఉన్నరు, పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు మన జిల్లా పేరు మీద నల్లగొండ టెక్నిక్ అన్నరు, బయట దేశాలల్ల చదువుతున్నరు, మన ఇంటర్ పిల్లలకి తెల్వదు. ఇది రోజూ చేసుకునుడు కష్టమే, బురద యాడ పారబోయాలె అని ఒక పెద్దాయన అడిగిండు, ఆ ప్రశ్నకి మా దగ్గర మంచి జవాబు లేకుండె.

మిగతావి గబగబ. ఆగస్టు 23 అంతరిక్ష దినం ఒక గర్ల్స్ హాస్టల్‌ల చేసినం. అక్టోబర్ చివర మొంథా తుఫాను వానలకి, డిసెంబర్‌ల సర్పంచ్ ఎన్నికలకి కొన్ని ప్రోగ్రాంలు పోయినయి. ఫిబ్రవరి 28 సైన్స్ డే బాగనే అయింది. మార్చి 3 గ్రహణం మనకి చంద్రుడు పట్టుతోనే లేచిండు, కొద్దిసేపట్ల విడుపు, హోలీ సందట్ల ఎవరు చూసిన్రో ఏమో.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు మీటింగ్‌ల పంచుతరు, లోటు ఉంది, పెద్దది కాదు. చందా బాకీ ఉన్నోళ్ళు కట్టేస్తే అది కూడా ఉండదు.

కృతజ్ఞతలు: వీధిలైట్లు రెండు గంటలు ఆపిన లైన్‌మాన్ అన్నకి, తండా నాయక్ గారికి, అంగన్‌వాడీ టీచరమ్మకి, ఆశా అక్కలకి, సైగల టీచరమ్మకి, బల్బు అప్పు ఇచ్చిన ఎలక్ట్రికల్ షాపాయనకి, అర్ధరాత్రి దాకా చాయ్ పెట్టిన తండా ఆడబిడ్డలకి, డీజిల్ పైసలు తీస్కోని ఆటో తమ్ముడికి, ఇంకా పేరు మరిచినోళ్ళుంటే నన్ను తిట్టండి.

మే రెండో వారం అటుఇటు నల్లగొండల సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చి, మిట్టమధ్యాహ్నం నీడ లేని రోజు వస్తది. ఎండ మండుతది కాబట్టి పందిరి, నీళ్ళు, పిల్లల్ని తెచ్చే బండి, ఇవి ముగ్గురు నలుగురు బాధ్యత తీస్కుంటేనే పెడతం. వచ్చేటోళ్ళు నాకు ఫోన్ చేసి పేరు ఇయ్యండి, గ్రూపుల బొటనవేలు లెక్కలకి రాదు.

– కార్యదర్శి