ఆ 'ఓకే' ఏ హద్దుకు?

సంపాదకులకు,

పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో 2025 జూన్ 30 నాటి పేలుడు తర్వాత రియాక్టర్లు, డ్రయర్ల గురించి చాలా చదివాం. గోడల ఊసు నాకు పెద్దగా కనిపించలేదు.

గాజువాకలో స్ట్రక్చరల్ డిజైన్ పని చేస్తాను. ప్లాంటును నడిపే కంట్రోల్ రూమ్‌ల గోడలు పేలుడుకు తట్టుకుంటాయో లేదో లెక్కగట్టే బ్లాస్ట్ రిపోర్టులు తనిఖీకి వస్తుంటాయి. సాఫ్ట్‌వేర్ 'డక్టిలిటీ ఓకే' అని ఆకుపచ్చగా చూపించింది కదా, సంతకం పెట్టండి సార్ అంటారు.

డక్టిలిటీ నిష్పత్తి అంటే గోడ గరిష్ఠంగా ఎంత వంగిందో దాన్ని, శాశ్వతంగా వంగడం మొదలయ్యే చోటి వంపుతో భాగిస్తే వచ్చేది. కాంక్రీటుకు అదొక్కటే చాలదు. ఆధారం దగ్గర ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూడాలి. పైనా కిందా ఆనుకున్న 4 మీటర్ల గోడ మధ్యలో 70 మి.మీ. వంగితే 2 డిగ్రీలు. పేలుడయ్యాక కూడా ఆపరేటర్ లోపల కూర్చుని ప్లాంటును ఆపాలంటే నేను 1 డిగ్రీకి, అంటే 35 మి.మీ.కి మించి ఒప్పుకోను. మెనూలో నష్టం స్థాయిని 'స్వల్పం' నుంచి 'మధ్యస్థం'కు మారిస్తే మాత్రం హద్దు సడలి, ఫెయిలైన గోడే పాసవుతుంది! సిమెంటు బస్తా ఒక్కటీ పెరగదు.

పైగా ఈ లెక్కంతా గోడ వంగుతుందన్న నమ్మకం మీద నడిచేది. షియర్‌లో, అంటే వంగకుండా అడ్డంగా కోసినట్టు, తెగే గోడ అంత వంగేదాకా ఆగదు. ఒత్తిడి తగ్గాక గోడ వెనక్కి కొట్టే దెబ్బకు రెండోవైపు కడ్డీలు చాలినన్ని ఉన్నాయా అన్నదీ విడిగా చూడాల్సిందే.

ఎంచుకున్న హద్దు, దానికి కారణం, షియర్ లెక్క రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలని ఫ్యాక్టరీల శాఖ నిబంధన పెట్టాలి.

– ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు, గాజువాక, విశాఖపట్నం