రఘుకి, కిట్టు చేతికిచ్చి పంపుతున్న ఉత్తరం

చిరంజీవి రఘుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కిట్టు బెంగళూరు వస్తున్నాడు కదా, సంచిలో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు పెట్టాను. సున్నుండలు ఫ్రిజ్‌లో పెట్టకు, గట్టిపడతాయి. ఆవకాయలో తడి గరిటె ముంచకు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి బాగానే ఉన్నావనుకుంటున్నాను. ఆఫీసులో పనెక్కువై ఉంటుంది. తీరిగ్గా చదువుకుంటావని కాగితం మీద రాస్తున్నాను, అంతకుమించి ప్రత్యేకంగా విషయమేం లేదు.

పండక్కి ముందు అటక దులిపిస్తే నీ టీవీ గేమ్ దొరికింది. రిమోట్లు రెండూ ఉన్నాయి, క్యాసెట్లు బూందీ డబ్బాలో ఉన్నాయి. అక్క పిల్లలు పాత టీవీకి తగిలించి, క్యాసెట్ లోపల ఊది (ఎవరు నేర్పారో తెలీదు), మారియో పెట్టారు. చేతిలో టాబ్లెట్ ఉన్న పిల్లలు, ఇదేం చూస్తారులే అనుకున్నాను. భోజనానికి పిలిస్తే రాలేదు.

చిన్నదాన్ని పక్కన కూర్చుని చూశాను. ప్రశ్న గుర్తున్న ఇటుకని తలతో కొట్టింది, పుట్టగొడుగు బయటికొచ్చింది. శత్రువనుకుని వెనక్కి పరిగెత్తింది. ఆ పుట్టగొడుగు కుడివైపుకి పోయి, పైపుకి గుద్దుకుని తిరిగి దీనివైపే వచ్చింది. తగిలేసరికి మారియో పెద్దవాడయ్యాడు! అదెంత ఆశ్చర్యపోయిందో. నీ ఐదో ఏట నువ్వూ అచ్చం ఇలాగే పారిపోయావు. 1985లో ఈ ఆట చేసిన షిగేరు మియామోటో, ఆయన మనుషులు ఆ మొదటి నాలుగడుగులు కావాలనే అలా కట్టారట. అందులో ఎక్కడా ఒక్క ముక్క కూడా చదవక్కర్లేదు. మాటల్లేకుండా పాఠం చెప్పడం ఎంత కష్టమో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని, నాకు తెలుసు.

తర్వాత కాంట్రా పెట్టారు, ఇద్దరు కలిసి ఆడే ఆ తుపాకుల ఆట. ఆ జలపాతం దగ్గర అక్క ముందే పైకెక్కేస్తే స్క్రీన్ కూడా పైకి జరిగి, కింద ఉండిపోయిన నువ్వు చచ్చిపోయేవాడివి. ఏడుస్తూ వంటింట్లోకొచ్చేవాడివి. ఇప్పుడు అక్క పిల్లలూ అక్కడే కొట్టుకున్నారు. మీ బావ వచ్చి విడదీశారు. ఆయన నీ గురించి ఏదో చెప్పబోయి ఆగిపోయారు. నేనూ అడగలేదు.

ఇంతకీ రాత్రిళ్ళు ఎన్నింటికి పడుకుంటున్నావు? పక్కగది అబ్బాయి ఖాళీ చేశాడటగా. ఒక్కడివే ఉన్నప్పుడు వండుకోబుద్ధి కాదు. కనీసం అన్నం వండుకో, పొడి పంపాను కదా.

సుబ్బు మొన్న గృహప్రవేశానికి వచ్చాడు. వాడి నోరు నీకు తెలుసు. రఘు తెల్లారేదాకా ఫోన్‌లో ఏదో ఆట ఆడుతున్నాడట, ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తున్నాడట, అని నలుగురిలో అన్నాడు. మా ఇంట్లో అందరం ఆటలాడిన వాళ్ళమే అని అక్కడికక్కడే చెప్పాను. అది నిజమే కూడా. కంప్యూటర్‌లో ఆటలుంటే పిల్లలు పాడవుతారని తల్లిదండ్రులు గొడవపెట్టినా, ఎనిమిదింటి బ్యాచ్ అయ్యాక ఆడుకోనిచ్చినదాన్ని నేను.

నీకు అప్పటికి ఊహ తెలీదు, మురళి సంగతి చెప్తాను విను. ఇప్పుడు గుంటూరులో మెడికల్ షాపు ఉన్న మురళే. ఫాక్స్‌ప్రో (అప్పటి డేటాబేస్ ప్రోగ్రాం) నేర్చుకోవడానికి వచ్చి ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆటకి అతుక్కుపోయాడు. అరవై నిమిషాల్లో రాకుమారిని విడిపించాలి. కత్తుల్లాంటి ముళ్ళు, ఊడిపడే పలకలు, కాపలావాళ్ళు. జోర్డన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు తన తమ్ముడికి తెల్లబట్టలు వేసి పరిగెత్తించి, వీడియో తీసి, ఆ నడకనే బొమ్మలుగా గీశాడు. 1989లో వచ్చింది. ఇప్పుడు చూసినా ఆ కుర్రాడు అంచు పట్టుకుని వేలాడుతుంటే నాకు అరచేతుల్లో చెమట పడుతుంది.

అందులో నాలుగో అంకంలో ఒక అద్దం అడ్డమొస్తుంది. పరిగెత్తుకొచ్చి దాన్లోంచి దూకాలి. దూకగానే మనవాడి నీడ విడిపోయి రెండోవైపుకి పారిపోతుంది. అక్కణ్ణుంచి ఆ నీడ పెట్టే బాధ ఇంతా అంతా కాదు. మనం తాగాల్సిన మందు అది తాగేస్తుంది, గేటు మూసి మనల్ని కిందపడేస్తుంది. అసలు కథేమిటంటే, మెక్నర్ ఆ ఆట రాసిన కంప్యూటర్లో కొత్త మనిషిని పెట్టడానికి మెమరీ మిగల్లేదు. అందుకని ఉన్న బొమ్మనే కాస్త జరిపి, దానిమీదే కలిపి, ఆ మెరిసే నీడని పుట్టించాడు. చోటు లేకపోవడం వల్లే అంత మంచి పాత్ర వచ్చింది.

చివర్లో ఆ నీడ కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. మురళి పొడిచాడు, మనవాడికే దెబ్బ తగిలింది. ఇంకోసారి పొడిచాడు, ఇంకో దెబ్బ. చచ్చిపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వెనకాల నిలబడ్డ పిల్లలు వెనక్కి జరగమనేవాళ్ళు, ముందుకి దూకమనేవాళ్ళు. ఒకసారి సరిగ్గా అక్కడికొచ్చేసరికి కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంటుంటే వాడు కుర్చీలోంచి లేవలేదు. ఎవరో "ప్రిన్స్ మెగాహిట్ అని కొట్టి ఆడరా, ఏ అంకానికి కావాలంటే ఆ అంకానికి దూకెయ్యొచ్చు" అన్నారు. వాడు ఒప్పుకోలేదు. నాకు వాడిమీద గౌరవం కలిగింది అప్పుడే. మెగాహిట్ కొట్టిన పిల్లలు రెండ్రోజుల్లో విసుగొచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక రాత్రి వాడు పొడవడం మానేసి, కీబోర్డు మీంచి చెయ్యి తీసేసి చాలాసేపు చూశాడు. కింది బాణం నొక్కాడు. మనవాడు కత్తి ఒరలో పెట్టాడు. నీడా పెట్టేసింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి ఒక్కటైపోయారు. పిల్లలంతా అరిచిన అరుపుకి ఇంటివాళ్ళు మేడమీద నుంచి దిగొచ్చారు. అవతల నేల లేని చోట పరిగెత్తితే కాళ్ళకింద నేల ఏర్పడుతుంది, అదీ చూశాం.

మురళి ఆ ఆట పూర్తిచేశాడు, తర్వాత ఫాక్స్‌ప్రో కూడా. నేను చెప్పేది అదే. ఆ ఆటకి ఒక చివర ఉంది. వాడు చచ్చిన ప్రతిసారీ ఉచితంగా చచ్చాడు. ఆ మెగాహిట్ మాట ఎవరైనా ఊరికే టైపు చెయ్యొచ్చు. ఇప్పుడు ఫోన్ ఆటల్లో దాన్నే రత్నాలని, నాణేలని, పెట్టెలని పేరుపెట్టి డబ్బుకి అమ్ముతున్నారు. పాత ఆట ఆపేస్తే ఆగిపోయేది. ఇవి అర్ధరాత్రి గంట కొట్టి పిలుస్తాయి, ఇవాళ రాకపోతే నీ బహుమతి పోతుందని. నిద్ర లేకపోతే మనిషికి మంచీచెడూ తెలీదు రఘూ, బీపీ మన ఇంట్లో ఉన్నదే, తాతయ్య సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇదంతా నీకు ఉపన్యాసంలా చెప్పాలని కాదు. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో టెట్రిస్ చేశాడు, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆట, ఏడే ఏడు రకాల ముక్కలు. 1989లో నింటెండో టీవీ గేమ్‌కి వచ్చిన టెట్రిస్‌ని 34 ఏళ్ళపాటు ఏ మనిషీ చివరిదాకా ఆడలేదు. 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ళ పిల్లాడు ఆడి ఆడి, ప్రోగ్రామే తట్టుకోలేక ఆగిపోయే చోటికి తీసుకెళ్ళాడు. అలాంటి ఆట ఎంతసేపు ఆడినా నేను కాదనను. నువ్వూ కిట్టూ వైరు కలుపుకుని ఆడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది ఉందే, 1999 నాటిది, దానికి 2019లో కొత్త మెరుగులు దిద్దారు, 2022లో ద్రావిడులనీ బెంగాలీలనీ చేర్చారు. కిట్టు లాప్‌టాప్‌లో ఉంది. వాడున్న రెండ్రోజులూ ఇద్దరూ ఆడుకోండి. ప్రిన్స్ కావాలంటే, పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లో నడిపించే డాస్‌బాక్స్ వేసుకుంటే చాలు. మెక్నర్ వాళ్ళ నాన్నకి అలమరలో వెనకాల పాత ఫ్లాపీలు దొరికితే కొడుక్కి పంపారట, అందులో ఆ ఆట అసలు ప్రోగ్రాం ఉంది. 2012లో ఆయన అందరికీ ఇచ్చేశాడు. అన్నేళ్ళు పారేయకుండా ఉంచారు చూడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి మరీ నిషేధించింది. మన ఆంధ్రలో 2020 నుంచే ఆన్‌లైన్ రమ్మీ కూడదన్నారు. ఎంతమంది పిల్లలు మునిగిపోతే అంతదాకా వచ్చిందో ఆలోచించు. దొంగదారిన ఇంకా ఆడించేవాళ్ళున్నారని పేపర్లో వస్తోంది. నువ్వు అలాంటివాటి జోలికి వెళ్ళావని నేను అనడం లేదు. అక్క అడగమంది కూడా కాదు.

మీ బావ దగ్గర డబ్బు తీసుకున్నావని మాత్రం తెలిసింది. ఆయన చెప్పలేదు, పాస్‌బుక్కులో అక్క చూసింది. ఎంతో నాకు చెప్పలేదు, దేనికో దానికీ తెలీదు. అద్దెకైతే అద్దెకని రాయి. ఆటకైతే ఆటకని రాయి, నేను అరవను. ఇంకా ఎవరెవరికి ఇవ్వాలో కూడా రాసి, కవరు అంటించి కిట్టు చేతికియ్యి. మీ నాన్నకి చూపించను. వచ్చే నెల నా చీటీ పాట వస్తుంది, దాన్లోంచి ముందు మీ బావది తీర్చేద్దాం, తక్కినవి చూద్దాం. సంబంధాల మాట ఇప్పట్లో ఎత్తనులే, దానికి భయపడి ఫోన్ ఎత్తడం మానకు.

కిట్టు పొద్దున్న ఆరింటికి దిగుతాడు. వాడు ఆకలికి ఆగలేడు, టిఫిన్ పెట్టించు. నువ్వూ తిను.

అమ్మ