దెయ్యం మతం అడగకండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. దెయ్యాల సినిమాల గురించి కేంద్ర మంత్రికి ఉత్తరమేమిటని మీ పేషీలో ఎవరైనా నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. సెన్సార్ బోర్డు మీ శాఖ కింద ఉంది. తెలుగు సినిమాలకు సర్టిఫికేట్ ఇచ్చే హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం ఆ బోర్డుదే. కాబట్టి రాయాల్సింది మీకే.

హారర్ సినిమా వచ్చిందంటే వదలకుండా చూసేవాళ్ళలో నేనొకణ్ణి. వాటిలో మతం ఉంటుంది, కులం ఉంటుంది, రాజకీయం ఉంటుంది. ఉండొద్దని నేను అనను. అవి లేకపోతే సగం సినిమాల్లో కథే మిగలదు. నా బాధల్లా వాటిని చూసే తీరు గురించి. బోర్డు గానీ, బోర్డు మీదా కోర్టుల మీదా ఒత్తిడి తెచ్చేవాళ్ళు గానీ పాత్రల పేర్లూ వేషాలూ పట్టి చూస్తున్నారు. కథ చివరికి ఎవరి పక్షాన నిలబడిందో మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

మా వైపు దెయ్యం కథ మతం లేకుండా నడవదు. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే పోచమ్మకు మొక్కుతారు, దర్గాకు తీసుకెళ్ళి ఊదిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, పక్కింటావిడ చెబితే చర్చిలో ప్రార్థన కూడా చేయిస్తారు. మధ్యలో డోలో మాత్ర కూడా వేస్తారు, అది వేరే సంగతి. ఇవన్నీ ఒకే ఇంట్లో, ఒకే వారంలో జరుగుతాయి. మన సినిమాలు దీన్నే తెర మీదికి తెచ్చాయి. 1995లో కోడి రామకృష్ణ గారి ‘అమ్మోరు’ ఆడిన హాళ్ళలో ఆడవాళ్ళు హారతులిచ్చారు, కొందరికి పూనకాలు వచ్చాయి. అదే దర్శకుడు 2009 సంక్రాంతికి ‘అరుంధతి’ తీశారు. అందులో జేజమ్మ వంశపు ఆడపిల్లకు అండగా నిలబడేది అన్వర్ అనే ఫకీరు. సినిమా ఊరూవాడా ఆడింది. ‘వదల బొమ్మాళీ’ అన్న మాట పిల్లల నోళ్ళలో నానింది. హిందూ అమ్మాయిని కాపాడడానికి ఫకీరెందుకని నేను చూసిన హాల్లో ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు.

రెండేళ్ళ తర్వాత ‘కాంచన’ వచ్చింది. నవ్వించే దెయ్యం సినిమాగానే అందరికీ గుర్తుంది గానీ, అందులో ఉన్న రాజకీయం చాలా సీరియస్ సినిమాల్లో కూడా లేదు. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ట్రాన్స్‌జెండర్ మనిషికి ఆశ్రయం ఇచ్చింది ఒక ముస్లిం పెద్దాయన. పేదలకు ఆసుపత్రి కట్టాలనుకున్న స్థలాన్ని ఎమ్మెల్యే కబ్జా చేస్తాడు. అడ్డం వచ్చినవాళ్ళను చంపేస్తాడు. పగ తీర్చుకోవడానికి వచ్చిన ఆత్మ గుడిలోకి అడుగు పెట్టలేదని విలన్ పరుగెత్తి గుడిలో దాక్కుంటే, ఆ ఆత్మ బయట నిలబడి దైవాన్ని నిలదీసి, వేడుకుని, లోపలికి వెళ్తుంది. ఆ సీన్లో హాలంతా ఈలలు. భూకబ్జా చేసిన నాయకుణ్ణి దేవుడు కూడా కాపాడకూడదని జనం ఒప్పుకున్నారన్నమాట. దాన్ని ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చదవలేదు వాళ్ళు.

2022లో వచ్చిన ‘మసూద’లో పట్టిపీడించే దెయ్యం ఒక ముస్లిం స్త్రీది. దాన్ని ఎదుర్కొనేది పీర్ బాబా. నడుమ నలిగిపోయేది ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న ఒక హిందూ తల్లి. ఇవాళ్టి వాతావరణంలో ఈ కథ మీద ఇటు నుంచీ గొడవ పెట్టుకోవచ్చు, అటు నుంచీ పెట్టుకోవచ్చు. దెయ్యాన్ని ఫలానా మతంలో ఎందుకు పుట్టించారని ఒకరు, దాన్ని వదిలించే ఘనత ఫలానావాళ్ళకే ఎందుకిచ్చారని ఇంకొకరు. ఫోన్లో సినిమాలు చర్చించుకునే గ్రూపుల్లో ఈ లెక్కలు మామూలైపోయాయి. హాల్లో కూర్చున్నవాళ్ళు మాత్రం ఆ తల్లి కోసం భయపడ్డారు. ఇదే ప్రేక్షకుడు టికెట్ కొనుక్కున్నప్పుడు ఒకలా, ఫోన్ పట్టుకున్నప్పుడు ఇంకోలా ఎందుకుంటాడో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

పేర్లు పట్టుకుని చూడడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి మలయాళం ‘భ్రమయుగం’ ఒక్కటి చాలు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఈ నలుపు తెలుపు సినిమాలో మమ్ముట్టి గారు మంత్రవిద్య తెలిసిన పోట్టి, అంటే కేరళ బ్రాహ్మణుడి పాత్ర వేశారు. ఆ పాత్ర పేరు తమ ఇంటి పేరును గుర్తుచేస్తోందని, తమ పరువు పోతుందని ఒక సంప్రదాయ కుటుంబం కేరళ హైకోర్టుకు వెళ్ళింది. విడుదలకు ముందే ‘కుంజమన్ పోట్టి’ కాస్తా ‘కొడుమన్ పోట్టి’ అయ్యాడు. ఆ కుటుంబానికి కోర్టుకెళ్ళే హక్కు ఉంది, నేను కాదనడం లేదు. ఇంతకీ ఆ సినిమా ఏమంటోంది? బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన, పాణన్ అనే కింది కులానికి చెందిన ఒక గాయకుడు ఆకలితో ఆ పాడుబడ్డ ఇంటికి చేరతాడు. పెద్దమనిషి పిలిచి అన్నం పెడతాడు, పాచికలాటకు కూర్చోబెట్టి అతని కాలాన్నే పందెంగా గెలుచుకుంటాడు. ఆ ఇంటి నుంచి బయటికి దారి ఉండదు. కులం, అధికారం మనిషిని ఎలా మింగుతాయో ఇంత సూటిగా చెప్పిన సినిమా ఈ మధ్య నేను చూడలేదు. పైగా అధికారం చేతులు మారితే మనుషులు మారతారా అని కూడా అడుగుతుంది. తగాదా అంతా ఇంటి పేరు దగ్గరే ఆగిపోయింది. ఈ అసలు మాట జోలికి ఎవరూ వెళ్ళలేదు.

ఇక మీ నిబంధనల దగ్గరికి వస్తాను. సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 నాటిది. దాని కింద 1991 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలే బోర్డుకు ఆధారం. మత సమూహాలను కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదని అందులో ఉంది. మతతత్వాన్ని, మూఢత్వాన్ని, విజ్ఞాన వ్యతిరేక ధోరణులను పెంచేవి కూడా ఉండకూడదని ఉంది. మొదటిది ఎక్కడైనా ఒక పేరో బొట్టో టోపీయో కనబడగానే గుర్తొస్తుంది. రెండోదాన్ని అక్షరాలా అమలు చేస్తే దేశంలో ఒక్క దెయ్యం సినిమా కూడా విడుదల కాదు. అందుకే దాన్ని పక్కన పెట్టేసినట్టుంది. పక్కన పెట్టడమే మంచిది. దెయ్యం ఉందని చూపించినంత మాత్రాన మూఢనమ్మకం పెరగదు. మా ఊళ్ళో దెయ్యాల్ని నమ్మేవాళ్ళు సినిమా చూసి నమ్మలేదు, నమ్మనివాళ్ళు చూసి మారలేదు.

కానీ ఒక్క చోట నాకు నిజంగా టెన్షన్ ఉంది. అది చేతబడి.

మాది ఉమ్మడి మెదక్ జిల్లా. బాణామతి అన్న మాట మాకు సినిమాల్లోంచి రాలేదు. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కట్టేసి కొట్టిన, మంత్రం పలక్కుండా పళ్ళు పీకేసిన సంఘటనలు ఈ ప్రాంతం చూసింది. అది పాత ముచ్చట అనుకోవద్దు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. జాతీయ నేర గణాంకాల్లో హత్యలకు కారణాల జాబితాలో మంత్రగత్తె అనుమానానికి ఇప్పటికీ ఒక వరస ఉంది. ఈ హత్యలు సినిమాల వల్ల జరిగాయని నేను అనడం లేదు, అనను కూడా. ఆ నమ్మకం వయసు సినిమా కంటే చాలా ఎక్కువ.

అయితే 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ను తీసుకోండి. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్ళు తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. పుష్కరం తర్వాత వాళ్ళ శాపం ఊరిని చుట్టుకుంటుంది. బాగా తీసిన సినిమా, రెండోసారి కూడా చూశాను. కానీ ఆలోచించండి: మూక చేసిన హత్యతో మొదలైన కథ ఆ మూక అనుమానం నిజమేనని తేలుస్తూ పోతే, నా పక్క సీట్లో కూర్చున్న కుర్రాడికి ఏం మిగులుతుంది? కాల్చడం ఘోరమని మిగులుతుందా, సరిగ్గా కాల్చలేదని మిగులుతుందా? ఆ సీన్ కట్ చేయమని నేను అడగను. కట్ చేస్తే కథే లేదు. ఈ ప్రశ్న మీ కమిటీలో ఎవరైనా ఒక్కరు వేశారా, వేస్తే ఏమనుకున్నారు అన్నది మాకు తెలియాలంటున్నాను.

తెలుసుకునే దారి ప్రస్తుతానికి లేదు. ఏ డైలాగ్ మ్యూట్ చేశారో, ఏ షాట్ తగ్గించారో రికార్డులో ఉంటుంది. హాల్లో కూర్చున్న మాకు కనిపించేది మాత్రం ఒక అక్షరం, ఒక అంకె. 2023 సవరణతో యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. మంచి పనే చేశారు. యూఏ 16+ అంటే చిన్నపిల్లలు రావద్దని కాదు, తల్లిదండ్రులు ఆలోచించుకుని తీసుకురావాలని. ఆలోచించుకోవడానికి వాళ్ళ దగ్గర ఏముంది? లోపల ఉన్నది రక్తపాతమా, బలి ఇచ్చే సీనా, ఒక మనిషిని మంత్రగత్తె అని చంపడమా, ఏదీ చెప్పరు.

విచిత్రమేమిటంటే ఓటీటీలకు ఈ నియమం ఉంది. మీ ప్రభుత్వమే 2021లో తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం అక్కడ వయసు రేటింగ్‌తో పాటు లోపల ఏముందో కూడా మొదట్లోనే చూపించాలి. ‘మా ఊరి పొలిమేర’ మొదటి భాగం 2021 డిసెంబరులో నేరుగా ఓటీటీలో వచ్చింది. రెండో భాగం 2023లో హాళ్ళలోకి వచ్చింది. అదే ఊరు, అదే చేతబడి. ఇంట్లో ఫోన్లో చూస్తే ఒక హెచ్చరిక, డబ్బులిచ్చి హాల్లో చూస్తే ఏమీ లేదు. బ్రిటన్‌లో సినిమా బోర్డు ప్రతి సినిమాకూ ఆ రేటింగ్ ఎందుకిచ్చిందో నాలుగు ముక్కల్లో రాసి అందరికీ అందుబాటులో పెడుతుంది. మనకెందుకు కుదరదు?

మన దగ్గర ఉన్నదల్లా నిర్మాతలు ముందు జాగ్రత్తగా వేసుకునే డిస్‌క్లెయిమర్. మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదని చిన్న అక్షరాల్లో వచ్చి, మనం పాప్‌కార్న్ సర్దుకునేలోపు పోతుంది. అదే తెర మీద హీరో సిగరెట్ వెలిగిస్తే మూలన హెచ్చరిక, సినిమాకు ముందు ప్రకటన, ఇంటర్వెల్ తర్వాత మళ్ళీ ప్రకటన. దెయ్యాల సినిమాకు అలాంటి ప్రకటనలు పెట్టమని పొరపాటున కూడా అనకండి. భయమంతా చచ్చిపోతుంది. మొదట్లో ఒక్క నిజాయతీ గల వాక్యం చాలు: ‘మంత్రగత్తె అనే అనుమానంతో మూక చేసే హత్య ఉంది’ అని.

ఇంకో విషయం అప్పీలు గురించి. 1983 నుంచి పనిచేసిన సెన్సార్ అప్పీళ్ళ ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు. ఇప్పుడు బోర్డు నిర్ణయం నచ్చని నిర్మాత నేరుగా హైకోర్టుకే వెళ్ళాలి. పెద్ద సంస్థలు వెళ్తాయి. కొత్త కుర్రాళ్ళు అప్పు చేసి తీసిన చిన్న హారర్ సినిమాకు ఆ ఓపికా ఉండదు, లాయరు ఫీజూ ఉండదు, విడుదల తేదీ వాయిదా వేసే ధైర్యమూ ఉండదు. అందుకే ఏది తీసేయమంటే అది తీసేసి బయటపడతారు. మరి మన హారర్‌లో కొత్త మాట చెబుతున్నది ఎక్కువగా ఈ చిన్న సినిమాలే. ట్రిబ్యునల్‌ను అదే రూపంలో తేనక్కర్లేదు, తక్కువ ఖర్చుతో త్వరగా తేలే ఏదో ఒక వేదిక కావాలి.

సర్టిఫికేట్ వచ్చాక వీధిలో మొదలయ్యే గొడవల గురించి కోర్టులు ఎప్పుడో చెప్పాయి. 1989లో ఎస్. రంగరాజన్ కేసులో, బెదిరింపులకు లొంగి భావస్వేచ్ఛను వదులుకోకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. 2000లో కె.ఎం. శంకరప్ప కేసులో, బోర్డు తీర్పు మీద ప్రభుత్వం మళ్ళీ కూర్చోకూడదంది. 2021 ముసాయిదాలో ఆ అధికారాన్ని తిరిగి తెచ్చుకోవాలని చూసి, 2023 చట్టంలో వదిలేశారు. దానికి మాత్రం మీ శాఖకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

ప్రేక్షకుడు హద్దు దాటినప్పుడు ఏం చేయాలన్నది కూడా చూశాం. ‘కాంతార’ కొత్త భాగం వచ్చిన 2025 అక్టోబరులో కొందరు హాళ్ళలో దైవ వేషాలు వేసి గెంతితే, ఆ దైవాలను కొలిచే కర్ణాటక తీరంలోని తుళునాడు భక్తులు నొచ్చుకుంటే, నిర్మాణ సంస్థే ముందుకొచ్చి అలా చేయొద్దని జనాన్ని కోరింది. తీసినవాళ్ళు చూసినవాళ్ళతో మాట్లాడారు. కట్స్ అక్కర్లేకపోయింది.

చేతబడి పేరుతో జరిగే హత్యల్ని ఆపే బరువు సినిమా నెత్తిన పెట్టడం కూడా న్యాయం కాదు. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత, ప్రత్యేక చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. మా రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా చేయలేదు. అది మీ పరిధిలోది కాదు, ఆ ఉత్తరం మా ముఖ్యమంత్రులిద్దరికీ విడిగా రాస్తాను.

మీ చేతిలో ఉన్నవి ఇవి: హాళ్ళలోనూ ఓటీటీ తరహాలో లోపల ఏముందో చూపించడం, ఏ రేటింగ్ ఎందుకిచ్చారో, ఏ కట్ ఎందుకడిగారో ఆ సినిమా భాషలోనే అందరూ చదివేలా పెట్టడం, చిన్న నిర్మాతకు అప్పీలు దారి తెరవడం, కమిటీ సభ్యులకు ఇచ్చే శిక్షణలో ‘ఈ పాత్ర మతమేది’ అన్న ప్రశ్న కంటే ముందు ‘ఈ కథలో ఎవర్ని చంపడం సరైనదిగా కనిపిస్తోంది’ అన్న ప్రశ్న చేర్చడం. మొదటిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదనుకుంటున్నాను. వచ్చే శుక్రవారం విడుదలయ్యే సినిమాతోనే మొదలుపెట్టొచ్చు.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక హారర్ సినిమా ప్రేక్షకుడు,
సంగారెడ్డి.