చివరి బాస్ అంటే లైఫ్ బార్ ఒక్కటేనా?

ఎడిటర్ గారికి,

ఫాంటసీ గేమ్‌లలో చివరి పోరాటం అనగానే బాస్‌గా ఓ కొండంత రాక్షసుడు, స్క్రీన్ మీద వాడి ప్రాణం ఎంత మిగిలిందో చూపే బారెడు లైఫ్ బార్, అది అయిపోయేదాకా బటన్లు టపటపా నొక్కడం. అన్ని గంటలు ఆడించి చివరికి పెట్టేది ఇదా?

1998లో వచ్చిన ‘జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’లో విలన్ గానన్ కొట్టిన దెబ్బకు మన కత్తి ఎగిరి మంటల గోడ అవతల పడుతుంది, అప్పటిదాకా దాన్నే నమ్ముకున్నవాళ్లం ఇక విల్లో సుత్తో తీసుకుని నెట్టుకురావాలి. టెన్షన్ అంటే అదీ! అదే సిరీస్‌లో 2017 నాటి ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లోనైతే నాలుగు దివ్య మృగాలనూ (జంతువుల రూపంలోని భారీ యంత్రాలు) శత్రువు చేతిలోంచి ముందే విడిపించి ఉంటే అవి దూరం నుంచే కొట్టి శత్రువు బలాన్ని సగానికి తెచ్చేస్తాయి, లేదంటే మన తిప్పలు మనవి.

నన్ను డిజైన్ చేయమంటే ఆ పోరాటాన్ని కూలిపోతున్న వంతెన మీద పెడతాను. దారిలో మనం ఎవరికి సాయం చేశామో వాళ్లే వస్తారు, పట్టించుకోనివాళ్లు రారు. బాస్ మాత్రం గేమ్ మొత్తం మన అలవాట్లు గమనించి ఉంటాడు, దెబ్బ తప్పించుకోడానికి ఎప్పుడూ ఎడమకే దొర్లేవాడికి ఈసారి గొడ్డలి ఎడమవైపే దిగుతుంది. గాయాలు మాన్పే చివరి మందు సీసా మనం తాగాలా, పడిపోయిన తోడుకి పోయాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి, మెనూ తెరిచినా గేమ్ ఆగదు.

అన్నట్టు, ఓడిన ప్రతిసారీ విలన్ ఉపన్యాసం మొదటి నుంచి వినిపించకండి బాబూ, స్కిప్ బటన్ పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు