క్రియ వెనుక నడిచే చిన్నమాటలు

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

లీడ్స్ ఆఫీసులో నువ్వు ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాస్తే, పక్క సీటు అమ్మాయి దాన్ని ‘మీటింగ్ యూ’ అని దిద్దిందనీ, ఎందుకని అడగడానికి మొహమాటం వేసిందనీ రాశావు. ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నా దగ్గర మొహమాటం దేనికి తల్లీ!

ఇంగ్లీషులో ‘టు’లు రెండున్నాయి. ‘ఐ వాంట్ టు మీట్ యూ’లోని ‘టు’ క్రియకు ముందుండేది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లోనిది ప్రిపోజిషన్, మన విభక్తి ప్రత్యయంలాగా అది నామవాచకాన్నే కోరుతుంది. అనుమానం వస్తే దాని తరువాత ‘సంక్రాంతి’ అని పెట్టి చూడు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ నిలబడుతుంది, ‘ఐ వాంట్ టు సంక్రాంతి’ నిలబడదు. నామవాచకం నిలిచే చోట క్రియను కూర్చోబెట్టాలంటే దానికి ‘ఇంగ్’ తగిలించాలి. మనం ‘కలుసు’ను ‘కలవడం’గా మార్చుకుని, ఆ తరువాతే ‘కోసం’ చేర్చినట్టు.

‘పుట్ అప్ విత్’ (సహించు), ‘గెట్ అలాంగ్ విత్’ (కలిసిపోవు), ‘రన్ అవుట్ ఆఫ్’ (ఉన్నది అయిపోవు) వంటి మూడు మాటల గుంపులను చూసి బెదరవద్దు. వాటిలో మొదటి రెండు మాటలు కలిసి ఒక క్రియ, మూడోది విభక్తి. ఇది మనకు కొత్త కాదు. ‘ఆ పిల్ల అందరితో కలిసిపోతుంది’ అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. ‘కలిసి’తో చేరగానే ‘పోవు’ తన అర్థం వదులుకుంది. ‘గెట్’ పక్కన ‘అలాంగ్’ చేరినప్పుడు జరిగేదీ అదే, మన ‘తో’ చేసే పనినే అక్కడ ‘విత్’ చేస్తోంది. ‘అప్పుల నుంచి బయటపడ్డాం’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పు: ‘గెట్ అవుట్ ఆఫ్ డెట్’. ‘బయటపడు’కు ‘గెట్ అవుట్’, ‘నుంచి’కి ‘ఆఫ్’. తరగతిలో ఈ పోలిక చెప్పిన రోజున పిల్లల ముఖాలు విప్పారడం నాకిప్పటికీ గుర్తుంది.

ఈ విభక్తి తన నామవాచకం ఉంటేనే వస్తుంది. ‘వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అంటాం. పాల సంగతి ముందే తెలిసి ఉంటే ‘వుయ్ హావ్ రన్ అవుట్’ అని ఆపేస్తాం, ‘ఆఫ్’ పోతుంది. ‘ఇట్’ వంటి సర్వనామం విషయంలోనూ జాగ్రత్త అవసరం. వాయిదా వేయడమనే అర్థమున్న ‘పుట్ ఆఫ్’లో అది మధ్యకు వచ్చి ‘పుట్ ఇట్ ఆఫ్’ అవుతుంది, కాని ‘పుట్ అప్ విత్’లో విభక్తిని దాటి ముందుకు రాలేదు కనుక ‘పుట్ అప్ విత్ ఇట్’ అనే అనాలి.

మనవాళ్లు తరచుగా చేసే తప్పొకటి ఉంది, ‘కోప్ అప్ విత్’. ‘కీప్ అప్ విత్’, ‘క్యాచ్ అప్ విత్’ విని విని చెవి ఆ ‘అప్’ను తనే చేర్చుకుంటుంది; తట్టుకోవడమనే అర్థానికి సరైనది ‘కోప్ విత్’ మాత్రమే. ‘డిస్కస్ అబౌట్’ కూడా అలాంటిదే. మనం ‘గురించి చర్చించు’ అంటాం కాబట్టి ‘అబౌట్’ పెట్టాలనిపిస్తుంది, కాని ‘డిస్కస్’ ఏ విభక్తీ లేకుండా నేరుగా కర్మను తీసుకుంటుంది. తెలుగు మనకు దారి చూపినట్టే ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా.

ఈ కష్టం నీ ఒక్కదానిది కాదమ్మా. ఇంగ్లండు రచయిత శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన ఇంగ్లీషు నిఘంటువు పీఠికలోనే, క్రియకు చిన్నమాట చేరి అర్థం మారిపోయే ఈ తీరు పరాయివారికి అన్నిటికన్నా కష్టమైనదని రాశాడు.

అందుకే ‘పుట్ అప్ విత్ అంటే సహించు’ అని పట్టికలా రాసుకోకు. ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ ద నాయిస్’ అని విభక్తితో, దాని నామవాచకంతో సహా వాక్యమంతా రాసుకో. ఈ వారం ఆఫీసులో నీ చెవిన పడిన పది వాక్యాలను అలా రాసి పంపు. వాటిలో క్రియ ఎక్కడ ముగిసిందో, విభక్తి ఎక్కడ మొదలైందో నువ్వే గీత గీసి పంపితే, నేను దిద్ది తిరిగి రాస్తాను.

ఇట్లు,
నాన్న