లోడ్ పెట్టి కొలవండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఉద్దానంలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు వైరింగ్ పని చేస్తున్నాను. పోయిన నెలలో ఒక ఇంట్లో చూసిన సంగతి మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వేన్నీళ్లకు హీటర్ రాడ్ పెట్టగానే లైట్లు డిమ్ అవుతున్నాయని, అటక మీంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందని ఆ ఇంటి పెద్దావిడ కబురు పెట్టారు. అంతకుముందు వచ్చినాయన బోర్డు దగ్గర 230 వోల్టులు చూసి, అంతా బాగానే ఉందని వెళ్లిపోయాడట. నేను రాడ్‌ని బకెట్ నీళ్లలో ఉంచి, స్విచ్ వేసి, అప్పుడు కొలిచాను. కరెంటు మీటరు దగ్గర 230, బోర్డు దగ్గర 220. క్లాంప్ మీటరులో 4.16 ఆంపియర్లు. రాడ్ ఆపితే రెండుచోట్లా 230. కరెంటు పారనప్పుడు ఎంత చెడ్డ జాయింటయినా వోల్టేజీని తినదు. ఆయనకు దొరకనిది అందుకే.

అటక ఎక్కి చూస్తే అల్యూమినియం తీగను, రాగి తీగను కలిపి మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు కనబడింది. టేపు కరిగి నల్లగా అట్టకట్టేసింది. పక్కనే పాత చీరల మూట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాక వేసిన జాయింటు అది. వేసింది నేనే. ఎవరింటికి ముందు కరెంటు వస్తుందా అని ఊరంతా టెన్షన్‌గా ఉన్న రోజులవి. చేతికందిన వైరు ముక్కతో కలిపేశాను. తర్వాత వచ్చి కనెక్టర్ వేస్తానని చెప్పి మరిచిపోయాను.

ఆ రాత్రి మా అమ్మాయికి, పదో తరగతి చదువుతోంది, ఆ అంకెలు చూపించాను. పోయిన 10 వోల్టుల్ని 4.16తో భాగించి జాయింటు నిరోధం 2.4 ఓములంది. గుణించి 41.6 వాట్లంది. "నాన్నా, ఇవి రాడ్ వాట్లు కావు కదా, మరి ఎక్కడ ఖర్చయిపోతున్నాయి?" అని అడిగింది. జాయింటులోనే అని చెప్పాను. నా సంచిలో సోల్డర్ కరిగించే ఐరన్ 25 వాట్లే. అంతకంటే ఎక్కువ వేడి ఆ చీరల మూట పక్కన రోజూ పొద్దున్నే పుడుతోంది.

ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడుతుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. పడదు. జాయింటు బాగుంటే వెయ్యి వాట్ల ఆ రాడ్ 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది. చెడిపోయాక ఇంకా తగ్గి 4.16 అయింది. ఎంసీబీ పడేది కరెంటు పెరిగితేనే కదా.

మా అమ్మాయి ఓమ్ నియమం లెక్కలు అర నిమిషంలో చేసేస్తుంది. వాటిలో ఉండేవన్నీ ఉత్తి అంకెలే, అటకా ఉండదు, రాడ్డూ ఉండదు. మీ విద్యార్థుల పేజీలో వారానికొకటైనా ఇలాంటి ఇంటి లెక్క వేయమని నా మనవి. లైట్లు డిమ్ అయ్యే ఇళ్లవాళ్లు కూడా, వచ్చిన వైర్‌మన్‌ని రాడ్డో ఇస్త్రీపెట్టో వేసి ఉంచి రెండుచోట్లా కొలవమని అడగండి.

తిత్లీ తర్వాత నేను వైరు కలిపిన ఇళ్లు గుర్తున్నంతవరకూ తిరుగుతున్నాను. ఇప్పటికి పదకొండు ఇళ్లు చూశాను, మూడింట్లో టేపు నల్లబడి ఉంది. డబ్బులు తీసుకోకుండా కనెక్టర్లు వేశాను. నాచేత అప్పట్లో పని చేయించుకున్నవాళ్లు ఇది చదివితే కబురు పెట్టండి, వస్తాను.

- ఒక వైర్‌మన్, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా