పడవ ప్యానెల్ వెనక విప్పి చూడండి

అయ్యా,

పులికాట్ సరస్సులో తిరిగే చిన్న మోటారు పడవలకు డ్యాష్‌బోర్డు ప్యానెల్ (స్విచ్చులు, ఫ్యూజులు బిగించే పలక) చేయించేవారు దయచేసి ఇంటి వైరింగు వైరు వాడకండి. ఉప్పుగాలికి ఆ రాగి పోగులు తొడుగు లోపలే నల్లబడి, వంచితే పుటుక్కున తెగుతాయి. పైకి మాత్రం వైరు కొత్తదానిలా ఉంటుంది. ఖరీదెక్కువైనా తగరం పూత ఉన్న రాగి వైరే కొనండి. ప్లైవుడ్ ప్యానెలైతే తడి లోపలికి ఇంకకుండా స్విచ్చు రంధ్రాల అంచులకూ ఎపాక్సీ (గట్టిపడే రెజిన్ పూత) పట్టించాలి.

అసలు ప్రమాదం ఫ్యూజు దగ్గరుంది. స్విచ్చు స్విచ్చుకీ ఫ్యూజు పెట్టినా, బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలో మెయిన్ ఫ్యూజు లేకపోతే, దారిలో వైరు తొడుగు ఒరుసుకుపోయి షార్టయినప్పుడు మంట ఆగదు. పడవ అడుగు నీటిని తోడే ఆటోమేటిక్ పంపును మాత్రం మెయిన్ స్విచ్చుతో కలపకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఇవ్వండి. కట్టేసిన పడవలో రాత్రి వాన నీరు నిండితే తోడేది అదే.

తనిఖీ అధికారులు ప్యానెల్ వెనక కూడా విప్పి చూడాలని మనవి.

- పడవల ఎలక్ట్రీషియన్లు, సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా